పెదవులు కదిపితే చాలు

చుంగ్‌మురో సినిమా వీధిలో మియోక్ ముఖాన్ని గుర్తుపట్టేవాళ్ళు లేరు, ఆమె గొంతు ఎరగనివాళ్ళూ లేరు. తెర మీద హా నాన్‌సోల్ ఏడిస్తే హాల్లో ఆడవాళ్ళ రుమాళ్ళు తడిసి ముద్దయ్యేవి కదా, ఆ కళ్ళూ ఆ చెంపలూ నాన్‌సోల్‌వి, ఏడుపు మాత్రం మియోక్‌ది. ఆ రోజుల్లో షూటింగులో మాట రికార్డు చేసే అలవాటే లేదు. కెమెరా గిర్రుమని మోగుతుండగా తారలు పెదవులు కదిపేసి ఇళ్ళకు పోయేవారు. తర్వాత చీకటి గదిలో డబ్బింగువాళ్ళు ఒకే మైకు చుట్టూ నిలబడి, తెర మీద కదిలే పెదవులకు మాటలు అతికించేవారు. ఒకళ్ళు తడబడ్డారంటే అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే.

నాన్‌సోల్‌కు గొంతిచ్చి మియోక్ పడిన పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. ఆ మహాతల్లికి డైలాగు గుర్తుండి చావదు. ప్రియుడి శవం మీద పడి గుండెలు బాదుకుంటూ "ఒకటి రెండు మూడు నాలుగు" అని లెక్కపెట్టేది. అంకెలు విసుగనిపిస్తే మేకప్‌వాణ్ణి తిట్టేది. ఆ లెక్కల్లోకీ ఆ తిట్లలోకీ విరహాన్నీ వేదననూ ఇరికించడం మియోక్ పని. పోనీ నాన్‌సోల్ సొంత గొంతే వాడుకోకూడదా అంటే, ఆవిడది బూసాన్ అవతల చేపల రేవు. ముఖం చూస్తే అప్పుడే విచ్చిన పువ్వు, నోరు తెరిస్తే చేపల వేలంపాట. దానికి తోడు సిగరెట్లతో వచ్చిన బొంగురు. అందుకే బయట ఎక్కడా పెదవి విప్పేది కాదు. బజారుకు పోయినా వేలితో చూపించి కొనుక్కుని వచ్చేది.

ముఖమూ గొంతూ అంతగా అతుక్కుపోయి ఉన్నా ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకసారి డబ్బింగు గదిలో ప్రాణం విసిగి మియోక్, "ఈవిడ నోరు చూడండి, తొట్టిలో చేపపిల్లలా ఊరికే తెరిచి మూస్తుంది" అంది. చుంగ్‌మురోలో మాట ఎక్కడా ఆగదు. సాయంత్రానికల్లా చేరవలసిన చోటికి చేరింది. "నా ముఖం లేకపోతే దాని గొంతు ముల్లంగులమ్ముకోడానికి కూడా పనికిరాదని చెప్పండి" అని అటునుంచి జవాబు వచ్చింది. అప్పటినుంచి స్టూడియో వరండాలో ఎదురుపడితే ఒకరు అటు, ఒకరు ఇటు.

ఇదంతా నవ్వుకునే రోజుల మాట. ఆగస్టు చివర్లో మియోక్ కూతురు ఉన్‌సిల్‌కు జ్వరం వచ్చింది. ఆ ఏడే బడిలో చేరిన పిల్ల. దోమల కాలం, మెదడువాపు ఊరంతా తిరుగుతోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. అయినా మన గడప తొక్కదనే కదా ఎవరైనా అనుకునేది. పొద్దున తలనొప్పి అన్న పిల్ల సాయంత్రానికి అమ్మను గుర్తుపట్టలేదు. ఒళ్ళు బిగుసుకుపోయి నోట నురగ వస్తుంటే, తండ్రి వోన్‌గిల్ వీపున వేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. ఆ తర్వాత డాక్టరు తల దించుకునే మాట్లాడాడు.

"చేతనైనంతా చేస్తున్నాం. ప్రాణం నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం. నిలబడినా, మాటా నడకా ఎంతవరకు మిగులుతాయో అదీ చెప్పలేం."

మర్నాడు తెల్లవారకుండానే, భర్తను పిల్ల దగ్గర కూర్చోబెట్టి మియోక్ కొండవాలు మీదున్న తమ చర్చికి వెళ్ళింది. తెల్లవారుజాము ప్రార్థన అక్కడ ఎప్పుడూ జరిగేదే. పాస్టరుగారు చెయ్యి ఎత్తగానే అందరూ కలిసి ముమ్మారు "ప్రభువా" అని కేక పెడతారు. ఆ పైన ఎవరి గోడు వారిది. అందరూ ఒక్కసారే మొదలుపెట్టి, నేల చరిచి, రొమ్ము చరిచి మొరపెట్టుకుంటారు. వానలో రేకుల షెడ్డులా చర్చి మోగిపోతుంది.

మియోక్ కూడా నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

గొంతు పట్టుకోవడమేమీ కాదు. అంతకు ముందే నర్సుతో మాట్లాడింది, బస్సు కండక్టరుతో మాట్లాడింది. "ప్రభువా" అనబోయేసరికి మాత్రం నోరు పెగల్లేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఉత్త గాలి. పక్కన ఒక ముసలావిడ తన అల్లుడి తాగుడు గురించి దేవుడికి పూసగుచ్చినట్టు చెప్పుకుంటోంది. మియోక్‌కు ఆవిడ మీద కడుపుమంట పుట్టింది. అల్లుడు తాగుబోతైతేనేం, చెప్పుకోడానికి ఆవిడకు నోరుంది.

ఎంతమంది తల్లుల తరఫున ఏడ్చిందో మియోక్‌కు లెక్కే లేదు. తప్పిపోయిన పిల్లల కోసం ఏడ్చింది, యుద్ధంలో పోయిన పిల్లల కోసం ఏడ్చింది. కాఫీ తాగి వచ్చి, గొంతు సవరించుకుని, సౌండు ఇంజనీరు వేలు చూపించగానే ఏడ్చింది. సొంత కూతురి వంతు వచ్చేసరికి ఒక్క ముక్క లేదు. ఊరందరి కోసం ఏడ్చి ఏడ్చి, తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదా అనిపించింది. ఆ వెనకే భయం పట్టుకుంది. కన్నతల్లి అడగకపోతే దేవుడు ఎవరి మాట విని పిల్లనిస్తాడు? తను నోరు మెదపలేకపోవడం వల్లే ఉన్‌సిల్ పోతుందేమో. ఆ భయం పుట్టిన దగ్గర్నుంచి మియోక్ మెతుకు మింగలేదు.

వోన్‌గిల్ మంచివాడు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే వాళ్ళు ఊరుకోలేరు. బడిలో సంగీతం మాస్టారు, చర్చిలో పాటల బృందాన్ని నడిపేవాడు. తను లోపల కుప్పకూలిపోతూ కూడా భార్యకు ధైర్యం చెప్పాలని చూశాడు. భార్యను ఎప్పుడూ కూతురి పేరు చేర్చే పిలిచేవాడు.

"ఉన్‌సిల్ అమ్మా, పాటలో విరామం వస్తుంది చూడు. అక్కడ ఎవరూ పాడరు. అంతమాత్రాన పాట అయిపోయినట్టు కాదు. లోపల తాళం నడుస్తూనే ఉంటుంది. దేవుడిప్పుడు మన పాటలో ఒక విరామం రాశాడు. అంతే అనుకో."

"ఎంతసేపు ఆగాలట?"

"అంటే?"

"మీ పాట కాగితం మీద రాసుంటుందిగా, ఇన్ని తాళం దెబ్బలు ఆగి మళ్ళీ అందుకోమని. నా కాగితం మీద ఏం రాసుందో చదివి చెప్పండి. అన్ని దెబ్బలూ ఆగుతాను. కదలకుండా ఆగుతాను."

వోన్‌గిల్ లేచాడు. బార్లీ నీళ్ళు తెస్తానని కెటిల్ తీసుకుని బయటికి వెళ్ళాడు. వరండా చివర గోడకు నుదురు ఆనించి నిలబడడం తలుపులోంచి మియోక్‌కు కనిపించింది. వెళ్ళి చెయ్యి పట్టుకుందామనుకుంది. పిల్లను విడిచి వెళ్ళలేకపోయింది. అంత మాట ఎందుకన్నానా అని తనను తాను తిట్టుకుంటూ, పిల్ల నుదుటి మీద గుడ్డ మార్చింది.

మధ్యాహ్నం పాస్టరు సో గారు వచ్చారు. వెంట సంఘపు ఆడవాళ్ళు, చేతుల్లో పీచ్ పళ్ళ డబ్బాలు. మంచం చుట్టూ నిలబడి పాట పాడారు, చప్పట్లు కొట్టారు. పిల్ల కనురెప్ప కూడా కదల్లేదు. పాస్టరుగారు దారి పొడుగునా ఆలోచించుకుని వచ్చినట్టున్నారు. మియోక్ సినిమా మనిషి కదా, ఆమెకు తగిన మాటే తెచ్చారు.

"అమ్మా, సినిమా గురించి మీకు నేను చెప్పేదేముంది. సగంలో లేచి వెళ్ళిపోయినవాడికి ఏ కథైనా అన్యాయంగానే కనిపిస్తుంది. చివరి రీలు దర్శకుడికి తెలుసు. మన బతుకులకు దర్శకుడు ఆ ప్రభువే. ఆయన్ని నమ్మి కుర్చీలో కూర్చోవాలి, అంతే."

ఆడవాళ్ళు "ఆమేన్" అన్నారు.

"పాస్టరుగారూ, మీరెప్పుడైనా దర్శకుణ్ణి దగ్గర్నుంచి చూశారా?" అంది మియోక్.

"లేదమ్మా."

"నేను చూశాను. వాళ్ళకి చివరి రీలు తెలీదు. సినిమా కొనేవాడొచ్చి, పిల్ల చచ్చిపోతే జనం ఇంకాస్త ఏడుస్తారు అంటాడు. అయితే చంపేద్దాం అంటారు వీళ్ళు. నా ఎదురుగానే అన్నారు, చంపారు. ఆ పిల్లకి ఏడ్చింది నేనే. బ్రహ్మాండంగా ఏడ్చావని విందు కూడా ఇచ్చారు. మీ దేవుడు అలాంటివాడేనా?"

పాస్టరుగారి ముఖం పాలిపోయింది. ఆయన కూడా మంచివాడే, అందుకే బుకాయించలేదు. మెల్లిగా ప్రార్థన చేసి, మియోక్ భుజం తట్టబోయి ఆగి, వెళ్ళిపోయారు. వెనకున్న ఆడవాళ్ళలో ఒకావిడ మాత్రం గుమ్మం దాటకుండానే, "పాపం, విశ్వాసం సన్నగిల్లింది. అలాంటప్పుడు ప్రార్థన ఎలా పనిచేస్తుంది" అంది. గుసగుసలాడాననే అనుకుంది ఆ తల్లి. గొంతులతో బతికే మనిషికి వినపడని గుసగుస ఉంటుందా? పుండు మీద కారం చల్లినట్టయింది మియోక్‌కు. ఎందుకంటే ఆవిడ అన్నదీ తన భయమూ ఒకటే.

తర్వాతి రోజు జ్వరం ఇంకా పెరిగింది. పిల్ల మెడ విల్లులా వెనక్కి వంగింది. నర్సులు వచ్చి మంచుముక్కలు పెట్టారు, సూదులు వేశారు. ఈ రెండు మూడు రోజులు గడిస్తే చూద్దామన్నాడు డాక్టరు. గడవకపోతే అన్న మాట ఆయన అనలేదు, మియోక్ అడగలేదు. బయట ముసురు పట్టి వాన. వోన్‌గిల్ మంచు కొనుక్కు రావడానికి వెళ్ళాడు. వార్డులో మిగతా తల్లులు పిల్లల మంచాల కిందినుంచి లాక్కున్న బల్లల మీద కూర్చుని, ఎవరి పిల్లను వారు చూసుకుంటున్నారు. ఎదుటి మంచం దగ్గర ఒక నాయనమ్మ జపమాల తిప్పుతోంది. మియోక్ ఇంకోసారి నోరు తెరిచింది. ఇంకోసారి గాలి. చెయ్యి నోట్లో కుక్కుకుని కొరుక్కుంది.

అప్పుడు వచ్చింది నాన్‌సోల్. నల్ల కళ్ళద్దాలు, తలకు పట్టు రుమాలు, దాన్నిండా వాన నీళ్ళు. వార్డంతా గుర్తుపట్టింది. ఒక తల్లి నోటి మీద చెయ్యి వేసుకుంది. నాన్‌సోల్ ఎవరినీ చూడకుండా నేరుగా వచ్చి మియోక్ ముందు నిలబడి నోరు తెరిచింది. ఆ గొంతు వినగానే నోటి మీదున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నువ్వేనేటి మియోక్‌వి? ఇన్నేళ్ళయినా నిన్ను ఇంత దగ్గరగా సూడనేదు."

మియోక్ తడిగుడ్డ పిండి పిల్ల నుదుటి మీద వేసింది.

"నువ్వు రాకపోతే ఇంకెవుత్తినో తెచ్చి నా నోటికి డబ్బింగు సెప్పించేత్తామంతన్నారు. కుదరదని సెప్పీసినాను. నా నోరు, నా ఇష్టం. ఎప్పుడొత్తావో కనుక్కుందామని వొచ్చినాను."

"రాను."

"మరి సినిమా?"

"తగలబడనివ్వు."

నాన్‌సోల్ కళ్ళద్దాలు తీసింది. అప్పుడు చూసింది పిల్లను. వంగిన మెడనూ, సగం తెరుచుకున్న కళ్ళలోని తెల్లదనాన్నీ చూసింది. ఎవరూ కూర్చోమనకుండానే బల్ల మీద చతికిలబడింది. ఖరీదైన గౌను నేల తడిలో ఈడ్చుకుపోయినా పట్టించుకోలేదు.

"డాక్టరు ఏటన్నాడు?"

"తెలీదన్నాడు."

"మీకు దేవుడున్నాడంట గదా. అడగనేదా? ఆ గొంతుతో నువ్వు అడిగితే కాదనీవోడెవడు? నా సినిమాలో నువ్వేడిస్తే నాకే ఏడుపొత్తాది. హాల్లో కూకుని పల్లీలు తింతూ ఏడుత్తాను నాను."

ఏళ్ళ తరబడి ఆ నోట మియోక్ వినని మెప్పు అది. ఎక్కడి నుంచి రావాలో అక్కడి నుంచే, రాకూడని రోజున వచ్చింది. భర్తకు చెప్పని మాట, పాస్టరుకు చెప్పని మాట, గిట్టని మనిషి ముందు బయటపడింది.

"రావట్లేదక్కా."

"ఏటి రాదు?"

"మాట. అందరితో మాట్లాడుతున్నాను. దేవుడి దగ్గర నోరు తెరిస్తే మాత్రం ఏమీ రావట్లేదు. పిల్ల పడినప్పటి నుంచీ ఇంతే. నేను అడగకపోతే అది పోతుంది. అడగలేకపోతున్నాను."

నాన్‌సోల్ బుర్ర గోక్కుంది. ఆవిడకు వేదాంతం తెలీదు. ఇలాంటి చిక్కు మాత్రం బాగా తెలుసు. దానికి ఒక్కటే మార్గమూ తెలుసు.

"ఓస్, దానికేనా ఇంత బెంగ. నాకెప్పుడొచ్చింది మాట? ఒక్క సినిమాలోనూ రానేదు. పెదాలు కదిపీసినాను, మాటలు ఎక్కడి నుంచో వొచ్చి నా నోట్లో కూకున్నాయి. సచ్చీదాకా రుణపడుంటాననుకో. నువ్వు ఊరికే పెదాలు కదుపు. ఇయ్యాల నీకు నాను సెప్తాను."

"నీకు ప్రార్థన వచ్చా?"

"రాదు. మా యమ్మ సముద్రానికి దండం పెట్టీది, అదొక్కటే ఎరుగుదును. అయినా పాస్టరు పెళ్ళాం ఏసం ఒకటి ఏసినాను గదా. ఆ ప్రార్థన ఉన్నాది నాకు. ఒక్క డైలాగు గేపకం ఉన్నాదంటే అదే."

చెప్పి ఊరుకోలేదు. లేచి మంచానికి అటు పక్కన నిలబడి, రుమాలు విప్పేసి, గొంతు సవరించుకుంది. మియోక్ పెదవుల మీద చూపు నిలిపింది. డబ్బింగువాళ్ళు నిలబడేది అలాగే. ఆ నిలబడడం ఎక్కడ నేర్చుకుందో ఏమో.

"రీలు తిరుగుతున్నాదనుకో. కానీ."

వేరే రోజైతే మియోక్ నవ్వేది, లేదా బయటికి పొమ్మనేది. ఆ రోజు ఏ గడ్డిపోచైనా చాలనిపించింది. కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది.

నాన్‌సోల్ తన బొంగురు గొంతును సన్నగా చేసి, మియోక్‌ను అనుకరిస్తూ మొదలుపెట్టింది.

"దయామయుడవైన తండ్రీ, నీ ఇష్టమెట్లుండిన అట్లే నాకు సమ్మతము. ఈ పసిపువ్వును నీ తోట కొరకు కోరితివేని, సంతోషముగా నీ హస్తములకు అప్పగించుచున్నాను..."

మియోక్ కళ్ళు తెరిచింది. ఆ డైలాగు తను చెప్పిందే. కొనేవాడి మాట విని పిల్లను చంపేసిన సినిమాలోది. తనే ఆ మాటలు అంత తియ్యగా పలికింది.

"ఆపు" అంది.

"ఏం, బాగునేదా?"

"కలవట్లేదు. నా నోరు ఇంత కదిలితే నువ్వు అంత పొడుగు చెప్తున్నావు. పెదవులు మూసి ఉన్నప్పుడు కూడా చెప్తున్నావు." ప్రాణం మీదికొచ్చినా సరే, పెదవికీ మాటకూ పొత్తు కుదరకపోతే ఓర్చుకోలేని జబ్బు డబ్బింగువాళ్ళది. "పైగా నేనన్నది అది కాదు."

"మరేటన్నావు?"

"ఇవ్వను అన్నాను."

"అదేటి?"

"ఇవ్వను. నా పిల్లను ఇవ్వను. సంతోషంగానూ ఇవ్వను, ఏడుస్తూ కూడా ఇవ్వను. నీ తోటలో ఎన్ని పువ్వులున్నాయి నీకు, నాకు ఇదొక్కటే. నువ్వే ఇచ్చావు, నీ చేత్తోనే ఇచ్చావు, ఇప్పుడు లాక్కుంటావా? దానికి చెప్పులు కట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. నీ దగ్గర ఎవరు కడతారు దానికి? ఇవ్వను ప్రభువా. చంపితే నన్ను చంపు. నా పిల్లను నాకివ్వు, ఇవ్వు..."

రెండో మాట దగ్గరే ఆమె నాన్‌సోల్‌తో మాట్లాడడం మానేసింది. ఎవరితో మాట్లాడుతోందో వార్డులో అందరికీ తెలిసింది. అది సినిమా ఏడుపు కాదు. ముక్కు కారుతూ, మధ్యలో ఊపిరాడక కీచుమంటూ, తల మంచం పట్టీకి కొట్టుకుంటూ ఏడ్చిన వికారమైన ఏడుపు. ఏ ఇంజనీరూ రెండోసారి వినడు అలాంటిది. నాన్‌సోల్ తన ప్రార్థన సంగతే మరిచిపోయి, పట్టీకి అడ్డంగా అరచెయ్యి పెట్టి, ఆ దెబ్బలన్నీ చేతి మీద కాసింది.

పక్క మంచం తల్లి ముందుగా అందుకుంది. ఆవిడ ఏ చర్చికీ వెళ్ళే మనిషి కాదు. పిల్లవాడి పేరు పెట్టి పిలుస్తూ భోరుమంది. తర్వాత ఇంకొకావిడ, ఆ వెనక మరొకావిడ. నాయనమ్మ జపమాల గబగబా తిరిగింది, ఆవిడ తన బుద్ధుడికే చెప్పుకుంటోంది, గట్టిగానే. ఇన్ని రోజులుగా వార్డు నిండా అణిచిపెట్టుకున్న ఏడుపంతా ఒక్కసారే పైకి లేచింది. అదిలించడానికి వచ్చిన నర్సు గుమ్మంలో నిలబడి, ట్రే కింద పెట్టి, కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది.

మంచుగడ్డ మూట పట్టుకుని వచ్చిన వోన్‌గిల్‌కు భార్య గొంతు మెట్ల మీదే వినిపించింది. పిల్ల పోయిందనుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. నాన్‌సోల్ వెళ్ళి, "పోనేదు బాబూ, లెగు. నీ పెళ్ళాం అడుగుతున్నాది, అంతే" అని రెక్క పట్టుకుని లేపుకొచ్చింది. వోన్‌గిల్ ఈసారి పాట గురించి ఏమీ చెప్పలేదు. భార్య పక్కన మోకాళ్ళూని, ఆమె ఏ మాట అంటే ఆ మాటే తనూ అన్నాడు. "ఇవ్వు" అంటే "ఇవ్వు" అన్నాడు.

మియోక్ గొంతు పూర్తిగా పోయాక వార్డు సద్దుమణిగింది. వోన్‌గిల్ ముఖం తుడుచుకుంటూ నాన్‌సోల్ వైపు తిరిగాడు.

"మాట రానివాళ్ళ తరఫున దేవుడి ఆత్మే మూలుగుతుందని చర్చిలో చెప్తూంటారమ్మా. నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఎలా ఉంటుందో ఇవాళ చూశాను."

"ఏ ఆత్మ బాబూ? నాను నాన్‌సోల్‌ని" అంది ఆవిడ భయంగా. "నాను సెప్పిందొక్కటీ ఆవిడకి నచ్చనేదు. అన్నీ ఆవిడే సెప్పుకున్నాది."

ఆ పూట అద్భుతమేమీ జరగలేదు. జ్వరం దిగలేదు, మెడ సడలలేదు. దేవుడు వాన మీదుగా దిగివచ్చి సారీ చెప్పలేదు. ఆ రోజుకూ అంతకు ముందు రోజుకూ ఉన్న తేడా ఒక్కటే. మియోక్ ఇక మూగది కాదు. తెల్లవారుజామున చర్చికి వెళ్ళింది, అందరికంటే గట్టిగా దెబ్బలాడింది. విశ్వాసం సన్నగిల్లిందన్న ఆవిడ పక్కకు జరిగి కూర్చుంది. పాస్టరు సో గారు మాత్రం వేదిక దిగి వచ్చి మియోక్ వెనక కూర్చున్నారు. ఏమీ చెప్పలేదు. ఆమె ఆగినప్పుడల్లా ఆయన ఒక మూలుగు మూలిగేవారు, ఆమె మళ్ళీ అందుకునేదాకా. అది చాలా సాయంగా ఉందని మియోక్ తర్వాత భర్తకు చెప్పింది.

ఆ వారం పక్క మంచం పిల్లవాడు చనిపోయాడు. వాడి తల్లి కూడా తనలాగే అడిగింది, తన పక్కనే అడిగింది. మియోక్ ఆవిడను పట్టుకుని కూర్చుంది గానీ, ఓదార్పు మాట ఒక్కటీ నోట రానివ్వలేదు. ఇది ఎలాంటి న్యాయమో ఆమెకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. ఆ తల్లి మొహం తలుచుకుంటే ఇప్పటికీ ఆమె ప్రార్థన మధ్యలో ఆగిపోతుంది.

ఉన్‌సిల్ జ్వరం మెల్లిగా దిగింది. సెప్టెంబరులో, గాలి చల్లబడ్డాక, ఒక పొద్దుటిపూట కళ్ళు తెరిచి కిటికీ వైపు చూసింది. కుడి చెయ్యి కదల్లేదు. మాట లేదు. చెప్పింది అర్థమవుతున్నట్టే ఉంది, పిలిస్తే తల తిప్పుతోంది, గొంతులోంచి మాత్రం చప్పుడు లేదు. డాక్టరు నాలుక చూశాడు, గొంతు చూశాడు. "రావచ్చు. రాకపోవచ్చు. ఎదురుచూడాల్సిందే" అన్నాడు. మియోక్ పిల్లను అడిగింది, దేవుడు ఇచ్చాడు. గొంతు విడిగా అడగాలని ఎవరు చెప్పారు? మర్నాటి నుంచి దానికోసం మళ్ళీ దెబ్బలాట మొదలు.

చుసోక్ కోతల పండక్కి ముందు ఒక మధ్యాహ్నం, నాన్‌సోల్ పీతల గంజి పట్టుకుని వచ్చింది. పాస్టరుగారు కూడా అప్పుడే వచ్చారు. వోన్‌గిల్ పిల్లను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాడు. మియోక్ గిన్నెలో గంజి చల్లారుస్తోంది. ఉన్‌సిల్ తల్లినే చూస్తూ ఉండి, ఉండి, పెదవులు కలిపింది, విడదీసింది. మళ్ళీ కలిపింది, విడదీసింది.

"ఏదో అంటోంది" అన్నాడు వోన్‌గిల్. "ఉన్‌సిల్ అమ్మా, చూడు, ఏదో అంటోంది."

అందరూ మియోక్ వైపు తిరిగారు. పెదవులు చదవడంలో ఆమెను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అయినా ఈ మాట చదవడానికి ఏ ప్రతిభా అక్కర్లేదు. తల్లిని చూస్తూ పిల్ల రెండు పెదవులూ కలిపి విడదీసే మాట ఏ దేశంలోనైనా ఏమై ఉంటుంది?

"సెప్పీయే" అంది నాన్‌సోల్. "పిల్లల గొంతు నీకు కొట్టిన పిండే గదా. ఒక్కపాలి సెప్పు, వినాలని ఉన్నాది."

చెప్పగలదు. ఉన్‌సిల్ గొంతు ఆమెకు నరనరానా గుర్తుంది. ఆ తొర్రిపళ్ళ గాలి, ఆ మారాం, అచ్చంగా అలాగే పలకగలదు. పలికితే ఆ గదిలో ఉన్‌సిల్ మళ్ళీ మాట్లాడినట్టే ఉంటుంది. తనకే ఎంత వినాలని ఉందో. మియోక్ నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుంది.

"చెప్పను. అది దాని మాట. అదే చెప్తుంది."

"రాకపోతే?" అన్నాడు వోన్‌గిల్. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నను ఎలా దాచాడో.

"రాకపోతే కూర్చుంటాను. వచ్చేదాకా కూర్చుంటాను."

పాస్టరుగారు ఏదో అనబోయారు. బహుశా పాట గురించో సినిమా గురించో అయి ఉంటుంది. పాపం, తనంతట తానే తమాయించుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఉన్‌సిల్ పెదవులు కలిపింది. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. మియోక్ గిన్నె పక్కన పెట్టి, పిల్ల ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి కూర్చుంది. తన పెదవులు కూడా కలిసి విడిపోతున్నాయని ఆమెకు తెలియదు. సాయం చేయాలని గొంతు కొట్టుకుంటోంది, పళ్ళు బిగించి ఆపుకుంది. గంజి చల్లారిపోయింది. పిల్లకు ఏడుపు వచ్చింది, శబ్దం లేని ఏడుపు. మియోక్ కన్నీళ్ళు తుడిచి, "ఊఁ, నేను ఇక్కడే ఉన్నాను" అంది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది.

వచ్చింది చివరికి. మాట అనలేం దాన్ని. తుప్పు పట్టిన తలుపు కదిలినట్టు, గొంతు అడుగు నుంచి గరగరమంటూ ఒక్క "మ్మ".

వోన్‌గిల్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాన్‌సోల్ ముక్కు చీదుకుని, "అయ్యో, నా గొంతొచ్చిందేటే దీనికి" అంది.

"రానీ అక్కా" అంది మియోక్. "బాగుంది. మళ్ళీ అను తల్లీ."